ఊరంతా ఒకే విడిది



జపాన్ అనగానే మనకు బుల్లెట్ రైలు గుర్తొస్తుంది, టోక్యో రద్దీ గుర్తొస్తుంది, క్షణం తేడా రానివ్వని పనితనం గుర్తొస్తుంది. చదువులకూ ఉద్యోగాలకూ మన పిల్లలు కొందరు అక్కడికి వెళ్తున్నారు. వాళ్ళను చూసొద్దామని అమ్మానాన్నలూ విమానం ఎక్కుతున్నారు. వెళ్ళినవాళ్ళు టోక్యో చూస్తారు, క్యోటో గుళ్ళు చూస్తారు, ఫుజి పర్వతం ముందు నిలబడి ఫొటో దిగుతారు. అంత కష్టపడి పనిచేసే ఆ జనం ఒళ్ళు అలిస్తే ఎక్కడికి పోయి సేదతీరుతారో మాత్రం చాలామంది చూడకుండానే తిరిగొచ్చేస్తారు. ఈ పూట ఆ చోటు గురించి మీతో మాట్లాడతాను.

కొండల మధ్య, వేడినీటి బుగ్గల పక్కన, చెక్కతో కట్టిన పాతకాలపు విడిదులవి. బుగ్గను అక్కడివాళ్ళు ఒన్‌సెన్ అంటారు, విడిదిని ర్యోకాన్ అంటారు. మధ్యాహ్నం మూడింటికి చేరుకుంటారు, మర్నాడు పదింటికి బయల్దేరతారు. ఆ మధ్యలో చేసేదల్లా స్నానం, భోజనం, నిద్ర. చూడవలసిన స్థలాల జాబితా ఉండదు. ఉన్న చోట ఉండటమే అక్కడికి వెళ్ళిన పని.

నేను చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. అక్కడి కొండనూ నీటినీ ప్రకృతి ఇచ్చింది. అక్కడి ప్రశాంతతను మాత్రం మనుషులు తమ చేతులతో తయారుచేశారు. కట్టుబాటు పెట్టుకుని, ఒకరికొకరు సర్దుకుని, రోజూ చాకిరీ చేసి దాన్ని నిలబెట్టుకుంటున్నారు. అదెలాగో చెబుతాను.

ముందు నీటి సంగతి. జపాన్‌లో ఇంకా ఆరిపోని అగ్నిపర్వతాలు 111 ఉన్నాయి. కురిసిన వాన, కరిగిన మంచు రాతి పగుళ్ళలోంచి లోపలికి దిగి, ఏళ్ళ తరబడి అక్కడే ఉండి, భూగర్భపు వేడికి కాగి, రాళ్ళలోని ఖనిజాలను కరిగించుకుని మళ్ళీ పైకి ఉబికివస్తుంది. అలాంటి ఊటలు ఆ దేశంలో 27 వేలకు పైగా ఉన్నాయి. వాటిని ఆనుకుని, బస వసతి ఉన్న ఊళ్ళు దాదాపు మూడు వేలు. దేన్ని ఒన్‌సెన్ అనాలో 1948లో చట్టమే చేసుకున్నారు. ఊట దగ్గర నీటి వేడి 25 డిగ్రీలకు తగ్గకూడదు. లేదంటే చట్టం పేర్కొన్న 19 పదార్థాలలో ఒక్కటైనా నిర్ణీత పాళ్ళలో ఆ నీటిలో ఉండాలి. ఆ నీటి పరీక్షా ఫలితాన్ని అచ్చువేసి స్నానశాల గోడకు తగిలించాలి. ఏ ఖనిజం ఎంత ఉంది, పుల్లటి నీరా, ఉప్పునీరా, ఎవరికి మంచిది, ఎవరు దిగకూడదు, అన్నీ అక్కడ చదువుకోవచ్చు.

ఒక ఊరి నీరు మరో ఊరి నీటిలా ఉండదు. గున్మా ప్రాంతంలోని కుసాత్సులో నీరు నిమ్మరసమంత పుల్లన. అక్కడి ఊట మరీ వేడిగా ఉంటుంది. చన్నీళ్ళు కలిపితే గుణం పలచబడుతుందని, పొడవాటి చెక్క పలకలతో పాట పాడుతూ నీటిని తిరగేసి చల్లార్చేవారు. ఆ ఆనవాయితీని ఇప్పటికీ ప్రదర్శనగా చూపిస్తారు. 1876లో జపాన్ వచ్చిన ఎర్విన్ బెల్జ్ అనే జర్మన్ వైద్యుడు ఆ నీటి గుణం చూసి ముచ్చటపడి, కుసాత్సు పేరు యూరప్‌కు తెలియజేశాడు. కోబె నగరం వెనక కొండల్లోని అరిమాలో ఇనుము కలిసిన నీరు గాలి తగలగానే తుప్పురంగుకు తిరుగుతుంది. దాన్ని బంగారు నీరని పిలుచుకుంటారు. అకితా కొండల్లోని న్యూతో ఒన్‌సెన్‌లో నీరు పాలలా తెల్లన. క్యూషూ దీవిలోని బెప్పు నగరంలోనైతే ఊటలు రెండు వేలకు పైమాటే.

ఈ విడిదుల వయసు వింటే ఆశ్చర్యం వేస్తుంది. యమనాషి ప్రాంతంలోని కేయున్‌కాన్ అనే విడిది క్రీస్తు శకం 705లో మొదలైంది. ప్రపంచంలో అన్నిటికన్నా పాత హోటల్‌గా గిన్నిస్ పుస్తకం దాన్ని గుర్తించింది. ఇషికావాలోని హోషి అనే విడిది 718 నాటిది. మన దగ్గర తూర్పు చాళుక్యులు వేంగిని ఏలుతున్న రోజులవి. రాజ్యాలు మారాయి, యుద్ధాలు వచ్చాయి, భూకంపాలు వచ్చాయి. ఆ విడిదుల్లో తలుపు తీసి అతిథికి వంగి నమస్కరించడం మాత్రం ఆగలేదు.

ఇక లోపలికి వెళ్దాం. గుమ్మంలో అడుగుపెట్టగానే చెప్పులు విడవాలి. ఇది మనకు కొత్త కాదు. విడిచిన చెప్పులను ఎవరో వెంటనే తీసి, ముందు భాగం వాకిలి వైపు ఉండేలా తిప్పి పెడతారు. మళ్ళీ బయటికి వెళ్ళేటప్పుడు మనం వెనక్కి తిరిగి తడుముకోనక్కర్లేదు. నడవలో వేసుకోవడానికి మెత్తని చెప్పులు ఇస్తారు. గదిలో పరిచిన చాపల మీదికి ఆ చెప్పులు కూడా రాకూడదు. మరుగుదొడ్డి చెప్పులు మళ్ళీ వేరు. మొదట్లో ఈ మార్పిడి తికమకగా అనిపిస్తుంది. సాయంత్రానికల్లా పాదాలకే తెలిసిపోతుంది, ఎక్కడ ఏది విడవాలో.

గదిలో మంచం ఉండదు. నేలంతా దట్టమైన చాపలు పరిచి ఉంటాయి. లోపల వరిగడ్డి, పైన తుంగలాంటి గడ్డితో నేసిన పొర. జపాన్‌లో ఆ గడ్డి దాదాపు అంతా కుమమోతో ప్రాంతంలోని యత్సుషిరో చుట్టుపక్కలే పండుతుంది. కొత్త చాపైతే గదినిండా ఎండు గడ్డి వాసన. ఒక పొట్టి బల్ల, కూర్చోవడానికి దిండ్లు, గోడలో ఒక గూడు. ఆ గూట్లో ఒక చిత్రపటం వేలాడుతుంది, దాని కింద ఒక కూజాలో ఆ రుతువులో పూసిన ఒకటో రెండో పూలు. అంతే. గదిలో కంటికి పని తక్కువ. అందుకే కిటికీ బయట చెట్టు అంతగా కనిపిస్తుంది.

మనం కూర్చోగానే ఆ గదిని చూసుకునే ఆమె వస్తుంది. ఆమెను నకాయ్ అంటారు. ఆమె తలుపు తీసే పద్ధతి దగ్గరగా చూడాలి. జారుడు తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుంటుంది. ముందు ఒక చేత్తో రవ్వంత తెరుస్తుంది. లోపలివాళ్ళు సర్దుకోవడానికి ఆ క్షణం సరిపోతుంది. తరవాత చెయ్యి కిందికి దించి మరికాస్త, ఆ పైన రెండో చేత్తో పూర్తిగా. చెక్క చెక్కకు తగిలిన చప్పుడు రాదు. టీ పోసి, ఆ ఊరి మిఠాయి ఒకటి పెట్టి, భోజనం ఎన్నింటికి కావాలో అడిగి వెళ్తుంది. ఆ మిఠాయికి కూడా కారణముంది. ప్రయాణం చేసి ఖాళీ కడుపుతో వేడినీళ్ళలో దిగితే కళ్ళు తిరుగుతాయి. ఆ కాస్త తీపి ఒంట్లో పడ్డాకే స్నానానికి వెళ్ళమంటారు.

వేసుకోవడానికి నూలుతో కుట్టిన యుకతా అనే అంగీ ఇస్తారు. ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి. దీన్ని మరిచిపోకూడదు. ఎందుకంటే కుడి అంచు పైకి వేసేది చనిపోయినవాళ్ళకే. పొరపాటున అలా కట్టుకుంటే ఎవరూ కసరరు గానీ, పెద్దామె ఎవరో వచ్చి మెల్లగా సరిచేసి వెళ్తుంది. పేదా గొప్పా తేడా లేకుండా ఆ రాత్రి విడిదిలో అందరి ఒంటి మీదా అదే అంగీ. భోజనానికీ అదే, ఊళ్ళో షికారుకూ అదే, పడకకూ అదే.

ఇప్పుడు స్నానం. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ స్నానశాలలు వేరు. గుమ్మానికి వేలాడే తెర మీద రాసి ఉంటుంది. చాలాచోట్ల రాత్రికి రాత్రి ఆ రెండింటినీ తారుమారు చేస్తారు. నిన్న ఆడవాళ్ళది ఈ రోజు మగవాళ్ళది అవుతుంది. బస చేసిన ప్రతి ఒక్కరికీ రెండు చోట్లా స్నానం చేసే భాగ్యం దక్కాలని ఆ ఏర్పాటు. కాబట్టి తెల్లారి లేవగానే అలవాటుగా నిన్నటి తలుపు తోయకండి, తెర చూసి వెళ్ళండి.

స్నానం రెండు దశలు. గోడ పక్కన చిన్న చెక్క పీట, చెక్క బకెట్, సబ్బు ఉంటాయి. అక్కడ కూర్చుని ఒళ్ళంతా శుభ్రంగా రుద్దుకుని కడుక్కోవాలి. నిలబడి నీళ్ళు పోసుకుంటే పక్కవాళ్ళ మీద చిందుతాయి. పనైపోయాక పీటనూ బకెట్‌నూ కడిగి, వచ్చేవాళ్ళ కోసం బోర్లించి పెట్టాలి. మురికి వదిలాకే తొట్టిలోకి దిగాలి. తొట్టి ఒళ్ళు రుద్దుకునే చోటు కాదు, ఊరికే కూర్చునే చోటు. సబ్బు అక్కడికి రాకూడదు, తువ్వాలు నీళ్ళలో మునగకూడదు. జుట్టు పైకి ముడివేసుకోవాలి. చిన్న తువ్వాలు మడిచి నెత్తిన పెట్టుకున్న ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటారు.

నీరు 40, 42 డిగ్రీల మధ్య ఉంటుంది. ముందు బకెట్‌తో పాదాల మీద, తరవాత నడుం మీద, భుజాల మీద పోసుకుని ఒళ్ళు అలవాటు చేసుకుని దిగుతారు. మెడ వరకూ మునిగి కూర్చున్న రెండు నిమిషాలకు నీటిలో తెల్లని పలచని పొరల్లాంటివి తేలడం కనిపిస్తుంది. కొత్తవాళ్ళు మురికి అనుకుంటారు. అది గంధకం, సున్నం లాంటి ఖనిజాలు గడ్డకట్టిన నలుసు. ఊట నీరు ఒకవైపు నుంచి తొట్టిలో పడుతూ, అంచు మీదుగా పొర్లి రాళ్ళ మీదికి జారిపోతూ ఉంటుంది. వాడిన నీటిని వడగట్టి మళ్ళీ తిప్పకుండా ఇలా నిరంతరం పారనిచ్చే తొట్టికే అక్కడ గౌరవం ఎక్కువ. 2004లో కొన్ని ఊళ్ళలో నీటికి రంగుపొడి కలుపుతున్నారని, మామూలు నీటినే కాచి పోస్తున్నారని బయటపడి దేశమంతా గగ్గోలు పుట్టింది. మరుసటి ఏడాదే నిబంధనలు మార్చారు. నీళ్ళు కలిపితే కలిపామని, కాస్తే కాచామని, తిప్పి వాడితే వాడామని విడిదివాళ్ళు రాసి పెట్టి తీరాలి.

మనవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. గంధకపు నీటిలో వెండి నల్లబడిపోతుంది. మట్టెలు, పట్టీలు, వెండి మొలతాడు ఏవున్నా గదిలోనే తీసి పెట్టుకుని వెళ్ళండి. మట్టెలు తీయడం ఇష్టంలేనివాళ్ళు గంధకం లేని నీరున్న ఊరు ఎంచుకోవచ్చు. ఇంకో సంకోచం కూడా మనకు ఉంటుంది. ఆ స్నానం ఒంటి మీద నూలుపోగు లేకుండా చేసేది. పదిమందిలో అలా ఎలా అని మొదటిసారి కాళ్ళు వెనక్కి లాగుతాయి. నిజం చెప్పాలంటే అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు. తాతలు, మనవలు, ఉద్యోగులు, రైతులు, ఎవరి లోకంలో వాళ్ళుంటారు. చూపు పక్కకు తిప్పుకోవడమే అక్కడి మర్యాద. అయినా మనసొప్పనివాళ్ళకు కుటుంబం వరకే గంట సేపు అద్దెకిచ్చే చిన్న స్నానశాలలు చాలా విడిదుల్లో ఉంటాయి. ఒంటి మీద పచ్చబొట్టు ఉన్నవాళ్ళను కొన్నిచోట్ల రానివ్వరు. బుక్ చేసుకునేటప్పుడే కనుక్కోవాలి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడిగి దిగడం మంచిది. మద్యం తాగి గానీ, కడుపునిండా తిన్న వెంటనే గానీ దిగకూడదు.

స్నానం నుంచి వచ్చేసరికి భోజనం సిద్ధం. అన్నీ ఒకేసారి విస్తట్లో వడ్డించరు. ఒక్కొక్కటీ చిన్న చిన్న గిన్నెల్లో వరసగా వస్తుంది. వసంతంలో కొండ మీద మొలిచిన లేత చిగుళ్ళు, వేసవిలో ఏటి చేప ఉప్పు పట్టించి నిప్పుల మీద కాల్చింది, శరదృతువులో పుట్టగొడుగులు. ఏ ఊరి పంట ఆ ఊరి గిన్నెలో. కుమమోతోలోని అసో ప్రాంతంలో ఆవాకుతో పెట్టిన ఊరగాయ అన్నంలోకి వేస్తారు. మన నాలుకకు అది చప్పున చుట్టం అవుతుంది. పొద్దున ఒన్‌సెన్ గుడ్డు పెడతారు. 70 డిగ్రీలకు లోపున్న ఊటనీటిలో అరగంట ఉంచిన గుడ్డది. పచ్చసొన ఆ వేడికే గట్టిపడుతుంది, తెల్లసొన గట్టిపడటానికి అంతకన్నా వేడి కావాలి. అందుకని పగలగొడితే పచ్చసొన ముద్దగా, చుట్టూ తెల్లసొన వణుకుతూ ఉంటుంది.

శాకాహారులు మాత్రం ముందే జాగ్రత్తపడాలి. చూడటానికి కాయగూరల పులుసులా ఉన్నా, అందులో పోసింది ఎండుచేప తురుముతో కాచిన రసం అయి ఉంటుంది. మాంసం తినం అని చెబితే చాలదు. చేప, చేప రసం కూడా వద్దని గది బుక్ చేసుకునే రోజే రాసి పంపాలి. అప్పటికప్పుడు చెబితే వాళ్ళు నొచ్చుకుంటారు, మనం పస్తుంటాం. కొన్ని విడిదులు చేయలేమని నిజాయితీగా చెప్పేస్తాయి. అలాంటప్పుడు భోజనం లేకుండా బస మాత్రమే తీసుకోవచ్చు.

మనం భోజనం చేస్తుండగానే గదిలో బల్ల పక్కకు జరిగి, పరుపులు పరిచి ఉంటాయి. ఎవరు వచ్చారో, ఎప్పుడు వచ్చారో తెలియదు. పొద్దున మళ్ళీ అవి మాయమవుతాయి. ఆ నిశ్శబ్దం వెనక ఎంత పని ఉందో ఒక్కసారి ఆలోచించండి. తెల్లవారుజామున వంటశాల, ఉదయం వడ్డన, తరవాత గదులు, స్నానశాలలు తోమడం, మధ్యాహ్నం కొత్త అతిథులు, రాత్రి పడకలు. మన చెవిన పడని ప్రతి చప్పుడూ ఎవరో ఒకరు జాగ్రత్తగా ఆపిన చప్పుడే. అందుకే ఆ బస ధర కూడా తక్కువేమీ కాదు. మామూలు మంచి విడిదిలో రెండు పూటల భోజనంతో ఒక్కొక్కరికి పదిహేను వేల నుంచి ముప్ఫై వేల యెన్ల దాకా అవుతుంది. లెక్క గదికి కాదు, మనిషికి. ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంతవరకూ ఒక విడిది కథ. ఒక ఊరు ఊరంతా కలిసి ప్రశాంతతను ఎలా తయారుచేసుకుందో ఇప్పుడు చెబుతాను. నా మాటకు అసలు ఆధారం ఇదే. క్యూషూ దీవి మధ్యలో అసో అనే మహా అగ్నిపర్వతం ఉంది. దాదాపు 90 వేల ఏళ్ళ కిందట అది పేలినప్పుడు ఏర్పడిన గొయ్యి ఉత్తర దక్షిణాలుగా 25 కిలోమీటర్లు. ఇప్పుడు ఆ గొయ్యిలో ఊళ్ళున్నాయి, వరి పొలాలున్నాయి, రైలు నడుస్తుంది. ఆ అసోకూ, కుజు కొండలకూ నడుమ సన్నని లోయలో ఒక ఏటి ఒడ్డున ఉన్న చిన్న ఊరు కురోకవా. విడిదులు ముప్ఫై దాకా ఉంటాయి, అంతే.

ఆ ఊరికి ఒక స్థలపురాణం ఉంది. ఒక పేద ఉప్పు వర్తకుడు జబ్బుపడ్డ తండ్రి కోసం దోసపండు దొంగిలించి పట్టుబడ్డాడు. తల నరకబోతే, అతను రోజూ కొలిచే జిజో దేవుడి విగ్రహం తల తెగిపడి అతను బతికాడు. ఆ శిలాశిరస్సును ఒక సాధువు మోసుకుపోతుంటే, కురోకవా చేరేసరికి నన్ను ఇక్కడే ఉంచమని అది పలికిందట. అక్కడ గుడి కట్టగానే వేడినీరు ఉబికిందట. ఆ చిన్న గుడి ఇప్పటికీ ఊరి నడిబొడ్డున ఉంది.

1964లో ఆ కొండల మీదుగా పెద్ద రోడ్డు పడింది. కొన్నాళ్ళు జనం వచ్చారు, తరవాత తగ్గిపోయారు. బెప్పు లాంటి పెద్ద ఊళ్ళలో ఉన్న హంగులు ఇక్కడ లేవు. విడిదులు అప్పుల్లో పడ్డాయి. జనం వచ్చే విడిది ఒక్కటే ఉండేది, షిన్‌మేయ్‌కాన్. దాని యజమాని గోతో తెత్సుయా ఇరవైల వయసులో ఉండగా, విడిది వెనక ఉన్న కొండను ఉలీ సుత్తీ పట్టుకుని తానే తొలిచాడు. ఏళ్ళ తరబడి తొలిచి, లోపల ఊటనీరు నిలిచే గుహ స్నానశాల తయారుచేశాడు. కొండల్లో తిరిగి మామూలు అడవి చెట్లు తెచ్చి విడిది చుట్టూ నాటాడు. కత్తిరించి ముస్తాబు చేసిన తోటను చూడటానికి పట్నం మనిషి ఇంతదూరం రాడనీ, అతనికి కావలసింది అడవి వాతావరణమనీ ఆయన నమ్మకం. జనం ఆయన దగ్గరికే వచ్చారు.

అప్పుడు ఆయన చేసిన పనే ఆ ఊరి తలరాత మార్చింది. తన కిటుకు తనే దాచుకోలేదు. పొరుగు విడిదుల కుర్రవాళ్ళు వచ్చి అడిగితే ఆరుబయట స్నానశాల ఎలా కట్టాలో, రాళ్ళు ఎలా పేర్చాలో, ఏ చెట్టు ఎక్కడ నాటాలో దగ్గరుండి నేర్పాడు. ఒక్కొక్క విడిదీ కళకళలాడసాగింది. కానీ రెండు విడిదులకు ఆరుబయట తొట్టి కట్టుకోవడానికి జాగాయే లేదు. వాళ్ళ గతేమిటి? వాళ్ళను వదిలేసి మిగతావాళ్ళు బాగుపడొచ్చు. ఆ ఊరు అలా చేయలేదు. 1986లో ఒక బిళ్ళ ఏర్పాటు చేశారు. ఆ చుట్టుపక్కల పెరిగే దేవదారు లాంటి చెట్టు కర్రను గుండ్రంగా కోసి, మెడలో వేసుకునేలా తాడు కట్టిన బిళ్ళ. అది కొనుక్కున్న అతిథి తాను ఎక్కడ బస చేసినా సరే, ఊళ్ళో నచ్చిన మూడు విడిదుల స్నానశాలలకు వెళ్ళొచ్చు. జాగా లేని విడిది అతిథికి కూడా ఊరి స్నానశాలలన్నీ తనవే అయ్యాయి. పని అయిపోయిన బిళ్ళలను చాలామంది జిజో గుడిలో మొక్కుగా కట్టి వెళ్తారు.

దానితోపాటే ఇంకో నిర్ణయం. దారి పొడుగునా ఎవరి విడిదికి వాళ్ళు పెట్టుకున్న ప్రచార బోర్డులు రెండు వందల దాకా ఉండేవి. అన్నీ పీకేశారు. ఊరంతటికీ కలిపి ఒకే తీరు చెక్క బోర్డులు పెట్టారు. గోడల రంగులు మట్టిరంగుకు మార్చారు. ఖాళీ ఉన్న ప్రతిచోటా చెట్లు నాటారు. వాళ్ళు పెట్టుకున్న సూత్రం వినండి: ఊరంతా ఒకే విడిది, రోడ్డు దాని నడవ, ఒక్కొక్క విడిదీ దానిలో ఒక గది. ఇప్పుడు అక్కడికి వెళ్ళినవాళ్ళు అడవిలో సహజంగా పుట్టిన ఊరనుకుంటారు. ఆ అడవి నలభై ఏళ్ళ కిందట చేతులతో నాటింది. 2009లో ఫ్రెంచివాళ్ళ మిషెలిన్ యాత్రా గ్రంథం ఆ ఊరికి రెండు నక్షత్రాలు ఇచ్చింది. 2016 ఏప్రిల్‌లో కుమమోతో భూకంపం ఆ ప్రాంతాన్ని కుదిపేసినప్పుడు కూడా ఆ ఊరు కలిసే లేచి నిలబడింది.

అన్ని ఊళ్ళకూ ఈ అదృష్టం పట్టలేదు. 1980 ప్రాంతంలో జపాన్‌లో ర్యోకాన్లు 80 వేలకు పైగా ఉండేవి. 2017 నాటికి 40 వేలకు లోపే మిగిలాయి. పిల్లలు పట్నాలకు వెళ్ళిపోయారు, వారసులు లేరు, పనివాళ్ళు దొరకడం లేదు. ఆ కొరత తీర్చుకోవడానికే 2019లో జపాన్ ప్రభుత్వం విడిదులలో, హోటళ్ళలో పనికి విదేశీయులకు ప్రత్యేక వీసా తెచ్చింది. ఇంకోవైపు, పేరున్న ఊళ్ళ మీద జనం విరుచుకుపడుతున్నారు. యమగాతలోని గిన్‌జాన్ అనే ఊరు మంచు కురిసే రాత్రుల్లో దీపాల వెలుగులో అందంగా ఉంటుందని ఫొటోల ద్వారా ప్రపంచానికి తెలిసిపోయింది. ఇరుకు దారిలో కార్లు చిక్కుకుని అంబులెన్సు కూడా కదలని పరిస్థితి వచ్చింది. దాంతో 2025 జనవరి నుంచి చలికాలపు సాయంత్రాల్లో, అక్కడ బస చేయని సందర్శకుల రాకకు పరిమితి పెట్టారు. వచ్చే డబ్బును కొంత వదులుకుని ఊరి ప్రశాంతతను కాపాడుకున్నారు.

చిన్న విడిదుల వైపు నిలబడ్డ సంస్థ కూడా ఒకటుంది. కొండల్లో మారుమూల ఉన్న బుగ్గలను కాపాడుకోవడానికి 1975లో కొన్ని విడిదులు కలిసి సంఘం పెట్టుకున్నాయి. సభ్యులైన విడిదుల వాకిట్లో ఒకే రకం కాగితపు లాంతరు వేలాడుతుంది. బస చేసిన ప్రతిచోటా అతిథి పుస్తకంలో ముద్ర వేస్తారు. గడువులోపల పది ముద్రలు కూడితే, బస చేసినవాటిలో నచ్చిన ఒక విడిదిలో ఒక రాత్రి ఉచితం. పెద్ద హోటళ్ళతో ఒంటరిగా పోటీపడలేనివాళ్ళు ఇలా ఒకరి అతిథిని ఒకరి దగ్గరికి పంపుకుంటూ బతుకుతున్నారు.

శ్రోతలారా, వేడినీటి బుగ్గలు మనకూ ఉన్నాయి. బదరీనాథ్‌లో తప్తకుండం ఉంది. రాజగృహంలో, మణికరణ్‌లో ఉన్నాయి. మన గోదావరి తీరాన, భద్రాచలం దగ్గర గుండాలలో ఏటి ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. మణుగూరు దగ్గర పగిడేరులో భూమిలోంచి వచ్చే వేడినీటితో కరెంటు తీయాలని సింగరేణి సంస్థ చిన్న ప్లాంటు కూడా పెట్టింది. ఆ నీటిని మనం తీర్థంగా చూస్తాం. అది మంచి సంప్రదాయం. ఆ తీర్థం ఒడ్డున సబ్బు కాగితాలు, ప్లాస్టిక్ సీసాలు, విడిచిన బట్టలు ఉండకూడదన్నది కూడా ఆ భక్తిలో భాగం కావాలి.

జపాన్‌ను చూసి మనం విడిదులు కట్టాలని నేను అనడం లేదు. మన అరకు, మన లంబసింగి, మన అనంతగిరి, మన పాపికొండలు, ఇవన్నీ ఇప్పుడు జనం పెరుగుతున్న చోట్లు. అక్కడ రిసార్టు నడిపేవాళ్ళకు, గదులు అద్దెకిచ్చేవాళ్ళకు, గ్రామ పంచాయతీల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఎవరి బోర్డు వాళ్ళు, ఎవరి లౌడ్‌స్పీకర్ వాళ్ళు పెట్టుకుంటే పదేళ్ళలో చూడటానికి ఏమీ మిగలదు. ఊరంతా కూర్చుని కట్టుబాటు చేసుకోండి. బోర్డులు తగ్గించండి. రాత్రి పదింటి తరవాత పాటలు ఆపండి. ఆ నేలలో పెరిగే చెట్లే నాటండి. చిన్న విడిదిని పెద్ద విడిది తన వెంట తీసుకెళ్ళాలి. కురోకవాలో గుప్పెడు కుటుంబాలు చేయగలిగిన పని మన ఊళ్ళు చేయలేనిది కాదు.

ఇక యాత్రకు వెళ్ళే మనందరికీ ఒక మాట. జపాన్ వెళ్ళే అవకాశం వస్తే నాలుగు నగరాల జాబితాలోంచి ఒక నగరం కొట్టేసి, ఒక రాత్రి ఏదైనా చిన్న ఒన్‌సెన్ ఊళ్ళో ఉండండి. పేరుమోసిన చోటే అక్కర్లేదు, చిన్న విడిదికి మీ రాక అవసరం. వెళ్ళేముందు భోజనం సంగతి రాసి పంపండి. స్నానశాలలో ఫోను బయటికి తీయకండి. గొంతు తగ్గించి మాట్లాడండి. వాడిన పీటను కడిగి బోర్లించండి. మన కోసం ఇంతమంది ఇంత శ్రద్ధగా కాపాడిన ప్రశాంతతను, మన తరవాత వచ్చేవాళ్ళకు అలాగే అప్పగించి రావడం మన ధర్మం.